చలికాలంలో ఒళ్లు చేసిన పాడిపశువు: మేత ఎంత తగ్గించాలి, ఎలా తగ్గించాలి

(పాల సహకార సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, కృత్రిమ గర్భధారణ కార్యకర్తలకు జరిగిన శిక్షణ తరగతిలో ఒక విశ్రాంత పశువైద్యుని ప్రసంగ పాఠం)



ఇటువంటి తరగతులలో పశువుకు ఇంకా ఏమి పెట్టాలి, ఇంకా ఎంత పెట్టాలి అన్నదే సాధారణంగా చెబుతూ ఉంటాము. మన దేశంలో చాలిన మేత లేక బక్కచిక్కిన పశువులే ఎక్కువ కనుక అది సబబే. కాని ఈ రోజు నేను మాట్లాడదలచినది దానికి ఎదురు సంగతి. అవసరానికి మించి ఒళ్లు చేసిన పశువును గురించి. 'పశువు పుష్టిగా ఉంటే బాధేమిటండీ' అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. అలా అనుకోవడం వల్ల ఒక సభ్యుని ఇంట ఏమి జరిగిందో ముందు చెప్పి, తరువాత విషయంలోకి వస్తాను.

అది డెల్టాలో ఒక చిన్న ఊరు. ఆ దంపతులకు అర ఎకరం పొలం, అప్పు మీద తెచ్చుకున్న ఒక సంకరజాతి ఆవు. ఆవు ఈనిన కొత్తలో పూటకు ఆరు లీటర్లు, రోజుకు పన్నెండు లీటర్లు ఇచ్చింది. రోజుకు ఆరు కిలోల దాణా పెట్టేవారు. అది సరైన లెక్కే. కాని ఆవు సకాలంలో చూలు కట్టలేదు. పాలు ఎనిమిదికి, ఐదుకు, చివరికి మూడు లీటర్లకు దిగాయి. దాణా మాత్రం ఆరు నుంచి ఐదుకు దిగి అక్కడే ఆగింది. ఎట్టకేలకు చూలు కట్టింది. సంక్రాంతి నాటికి ఏడో నెల నిండి, వట్టిపోయి, ఒళ్లు నిగనిగలాడుతూ ఉంది. నేను ఆ ఊరు వెళ్లి, ఆవు వీపు నిమిరి, 'బాగా మేపారమ్మా, ఇలాగే మేపండి' అని మెచ్చుకుని వచ్చాను.

నెల తరువాత ఆ ఇల్లాలు మూడు మైళ్లు నడిచి ఆసుపత్రికి వచ్చింది. 'ఆవు మరీ బలిసింది, ఈత కష్టమవుతుందని ఊళ్లో అంటున్నారు. ఏం చేయమంటారు డాక్టరుగారూ?' అని అడిగింది. ఆ రోజు నా దగ్గర జనం ఎక్కువ ఉన్నారు. 'మేత తగ్గించండమ్మా' అన్నాను. ఎంత తగ్గించాలో, ఏది తగ్గించాలో, ఎన్ని రోజులలో తగ్గించాలో చెప్పలేదు. ఆమె నా మాట మీద గౌరవంతో ఇంటికి వెళ్లి ఆ పూట నుంచే దాణా మానేసింది. పచ్చిమేత కూడా మానేసి వట్టి వరిగడ్డి వేసింది.

ఆవు ఉగాదికి ముందు ఈనింది. దూడ దక్కింది. ఐదో రోజున ఆవు దాణా ముట్టలేదు, గడ్డి మాత్రం పరకలు పరకలుగా కొరికింది. పాలు ఒక్కసారిగా పడిపోయాయి. నోటి దగ్గర మగ్గిన పండులాంటి తీపి వాసన. నాకు కబురు వచ్చి నేను వెళ్లేసరికి వారం దాటింది. గ్లూకోజు ఎక్కించాను, చేయగలిగినదంతా చేశాను. పన్నెండో రోజున ఆవు పోయింది. పాలు లేవు, అప్పు మిగిలింది. ఆ ఇల్లాలు నన్ను ఒక్క మాట అనలేదు. 'మీరు చెప్పినట్టే చేశామండి' అన్నది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

మొదటిసారి 'ఇలాగే మేపండి' అన్నదీ తప్పే, రెండోసారి 'తగ్గించండి' అని ఊరుకున్నదీ తప్పే. ఆ తరువాత నేను ఏ సభ్యునికీ కిలోలలో లెక్క చెప్పకుండా మేత సలహా ఇవ్వలేదు. మీరూ ఇవ్వవద్దని కోరడానికే ఈ రోజు మీ ముందు నిలబడ్డాను.

చలికాలంలోనే ఎందుకు?

పశువు ఏ కాలంలోనైనా ఒళ్లు చేయవచ్చు. కాని మన ప్రాంతంలో కార్తీకం నుంచి మాఘం వరకు అందుకు అనువైన కాలం. సార్వా పంట ఇంటికి వస్తుంది. కొత్త గడ్డి వాములు లేస్తాయి. తవుడు, నూకలు, చిట్టు చేతికి అందుబాటులో ఉంటాయి. డెల్టాలో వరి కోసిన మళ్లలో పిల్లిపెసర, జనుము లేతగా లేచి వస్తాయి. ఎండ బాధ లేదు కనుక పశువుకు ఆకలి బాగుంటుంది. మరొక వంక పొలం పనులలో పడి పశువును గుంజకు కట్టి ఉంచుతాము, నడక ఉండదు. పైగా 'చలికి తట్టుకోవాలి పాపం' అని ఇంకొక గంపెడు పెడతాము.

గేదెల విషయంలో ఇంకొక సంగతి ఉంది. మన గేదెలు ఎక్కువగా వానాకాలం చివర నుంచి చలికాలం వరకు ఈనుతాయి. ఎదకు రావడం కూడా ఈ చల్లని నెలలలోనే ఎక్కువ. కిందటి సంవత్సరం చూలు కట్టని గేదె ఈ చలికాలంలో పాలు లేకుండా, కడుపున దూడ లేకుండా, కేవలం తింటూ ఉంటుంది. తిన్నదంతా ఎక్కడికి పోవాలి? ఒంటికి పడుతుంది.

లెక్క వేసి చూడండి. అవసరానికి మించి రోజుకు రెండు కిలోల దాణా చొప్పున 120 రోజులు పెడితే 240 కిలోలు. అంటే 50 కిలోల సంచులు ఐదుకు కొంచెం తక్కువ. డబ్బు పెట్టి కొని, దానితో జబ్బును మేపినట్టు.

ఒళ్లు చేస్తే నష్టమేమిటి?

కొవ్వు పట్టిన చూడిపశువుకు ఈత కష్టం కావచ్చు, మాయ పడకపోవచ్చు. ఈనిన తరువాత ఆకలి త్వరగా పుంజుకోదు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. ఈనిన పశువుకు పాలు తొందరగా పెరుగుతాయి, ఆకలి నెమ్మదిగా పెరుగుతుంది. ఆ లోటును పశువు తన ఒంటి కొవ్వు కరిగించి పూడ్చుకుంటుంది. ఇది కొంతవరకు సహజమే. కాని కొవ్వు మరీ ఎక్కువగా ఉండి, తిండి మరీ తక్కువైతే, కొవ్వంతా ఒక్కసారిగా కరిగి కాలేయానికి చేరుతుంది. పొయ్యిలో కట్టెలన్నీ ఒకేసారి దూర్చితే మంట రాదు, పొగ వస్తుంది. కాలేయంలోనూ అదే జరుగుతుంది. కాలని కొవ్వు కాలేయంలోనే పేరుకుంటుంది. సగం కాలినది కీటోనులుగా రక్తంలో కలుస్తుంది. ఆ తీపి వాసన దానిదే. దీనినే కీటోసిస్ అంటాము. ఎక్కువ పాలిచ్చే సంకరజాతి ఆవులలో ఇది ఎక్కువ, గేదెలలోనూ రాకపోదు.

కనుక బలిసిన పశువును పస్తు పెట్టడం మందు కాదు. అదే జబ్బును పిలవడం. గుర్రాలు పెంచేవారికి కూడా ఇదే చిక్కు. బాగా కొవ్విన పొట్టి గుర్రాన్ని హఠాత్తుగా పస్తు పెడితే రక్తమంతా కొవ్వై ప్రాణం మీదికి వస్తుంది. జంతువు ఏదైనా సూత్రం ఒక్కటే: ఎక్కిన మెట్లు ఒక్కొక్కటిగానే దిగాలి.

కంటితో కాదు, చేతితో చూడండి

పశువు బలిసిందా లేదా అన్నది పొట్ట చూసి చెప్పకూడదు. వట్టి గడ్డి తిన్న పశువుకూ పొట్ట ఉంటుంది, చూడి పశువుకూ ఉంటుంది. చూడవలసినది ఎముకల మీది కండను, కొవ్వును. 1982లో అమెరికాలో వైల్డ్‌మన్, ఆయన సహచరులు పాడి ఆవులకు 1 నుంచి 5 వరకు మార్కులు వేసే పద్ధతి ప్రచురించారు. మన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పరిశోధకులు ముర్రా గేదెలకు ప్రత్యేకంగా ఇటువంటి పద్ధతిని రూపొందించి 2011లో ప్రచురించారు. పేరు పెద్దదే కాని పని చిన్నది. మీ అరచేయి చాలు.

పశువును సమంగా ఉన్న చోట నిలబెట్టండి. పక్కటెముకల మీద, వెన్నుపూస మీద, తుంటి ఎముకల మీద, తోక మొదలు దగ్గర చేయి వేసి ఒత్తి చూడండి. ఎముకలన్నీ దూరం నుంచే లెక్కపెట్టగలిగితే ఒక మార్కు. పక్కటెముకలు కంటికి కనపడక, కొంచెం ఒత్తితే వేలికి తగిలితే మూడు. గట్టిగా ఒత్తితే తప్ప తగలకుండా, వీపు బల్లపరుపుగా ఉండి, తోక మొదలుకు ఇరుపక్కలా మెత్తని కొవ్వు గడ్డలు చేతికి వస్తే నాలుగు. ఎంత ఒత్తినా ఎముక జాడ తెలియకపోతే ఐదు. ఈనే నాటికి పశువు మూడు, మూడున్నర మధ్య ఉంటే చాలు. నాలుగు దాటిందంటే మనం జాగ్రత్తపడాలి. గేదెకు చర్మం మందం కనుక కంటిని అసలే నమ్మవద్దు, ఒత్తి చూడండి.

దీనికి తోడు టేపు. దర్జీ టేపు అయినా సరే. ముందు కాళ్ల వెనుకగా ఛాతీ చుట్టుకొలత ఎన్ని అంగుళాలో చూడండి. భుజం ముందు ఎముక మొన నుంచి పిరుదు ఎముక చివరి దాకా పొడవు చూడండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో గుణించి, దానిని పొడవుతో గుణించి, 660తో భాగిస్తే సుమారు బరువు కిలోలలో వస్తుంది. ఉదాహరణకు చుట్టుకొలత 76 అంగుళాలు, పొడవు 57 అంగుళాలు అయితే బరువు దాదాపు 499 కిలోలు. కొంత తేడా ఉండవచ్చు. మనకు కావలసినది ఖచ్చితమైన బరువు కాదు, నెల నెలా అది పెరుగుతున్నదా తరుగుతున్నదా అన్నది. అందుచేత ప్రతిసారీ ఉదయం మేతకు, నీళ్లకు ముందే, అదే మనిషి కొలవాలి.

తగ్గించే ముందు ఒక ప్రశ్న

'చూలు ఉందా, ఉంటే ఎన్నో నెల?' ఈ ప్రశ్నకు జవాబు తెలియకుండా పశువు మేతలో చేయి పెట్టకండి. తెలియకపోతే డాక్టరుచేత చూలు పరీక్ష చేయించండి. జవాబును బట్టి దారులు మూడు.

మొదటిది: చూలు లేదు, పాలూ లేవు. ఈ పశువునే ధైర్యంగా తగ్గించవచ్చు. అయినా ఒక్కసారిగా కాదు. ఇప్పుడు పెడుతున్న దాణాలో వారానికి అర కిలో చొప్పున తగ్గిస్తూ ఒక కిలో దగ్గర ఆపండి. ముందుగా నూకలు, జావ, నూనె తీయని తవుడు ఆపండి. చెక్కలో మాంసకృత్తులు ఉంటాయి కనుక దానిని పూర్తిగా మానవద్దు. 500 కిలోల గేదెకు రోజుకు ఆరు, ఆరున్నర కిలోల వరిగడ్డి లేదా జొన్నచొప్ప, 15 కిలోల పచ్చిమేత, ఒక కిలో దాణా, 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం. దీనితో కడుపు నిండుతుంది, ఒళ్లు దిగుతుంది. నెలకు పది కిలోలకు మించి తగ్గకుండా చూసుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, అది ఎందుకు చూలు కట్టలేదో చూపించండి. గేదెకు మూగ ఎద ఎక్కువ. తెల్లవారుజామున, రాత్రి పడుకునే ముందు ఒకసారి చూడండి. ఈ చలికాలం దాటిపోతే మళ్లీ ఎండాకాలంలో ఎదకు రావడం కష్టం. బలిసిన గొడ్డుకు అసలు మందు ఒళ్లు దించడంతో పాటు చూలు కట్టించడం.

రెండవది: చూలు ఉంది, పాలు ఇంకా కొద్దిగా ఇస్తున్నది. సరిదిద్దడానికి ఇదే మంచి సమయం. పాలిచ్చే పశువు ఒంటి మీది కొవ్వును తేలికగా ఖర్చు పెడుతుంది. ఇక్కడ చేయవలసినది దాణాను పాలతో ముడిపెట్టడం ఒక్కటే. ఆవుకు రెండున్నర లీటర్ల పాలకు ఒక కిలో, గేదెకు రెండు లీటర్లకు ఒక కిలో. వట్టి వరిగడ్డి మీద ఉన్న పశువుకు శరీర పోషణకు మరొక కిలోన్నర. మంచి పచ్చిమేత కడుపునిండా దొరికితే ఆ కిలోన్నరలో చాలా భాగం తగ్గించవచ్చు. పాలు తగ్గిన ప్రతి పక్షానికి దాణా లెక్క మళ్లీ చూసుకోండి. ఆ డెల్టా ఊరి ఆవుకు మూడు లీటర్ల నాడు మూడు కిలోల లోపు సరిపోయేది. ఐదు పెట్టారు. నేను చూసీ చెప్పలేదు.

మూడవది: వట్టిపోయింది, ఈతకు రెండు నెలల లోపు ఉంది. ఇప్పుడు బలిసి ఉన్నా తగ్గించే ప్రయత్నం చేయకండి. సమయం దాటిపోయింది. ఇక మన పని మరింత పెరగకుండా, హఠాత్తుగా తరగకుండా నిలబెట్టడం. కడుపులో దూడ ఎక్కువగా పెరిగేది ఈ రెండు నెలలలోనే. కనుక కిలోన్నర నుంచి రెండు కిలోల దాణా, 10 నుంచి 15 కిలోల పచ్చిమేత, తిన్నంత గడ్డి ఉండాలి. ఇంతకన్నా ఎక్కువ పెడుతూ ఉంటే, వారం పది రోజులలో మెల్లగా ఈ లెక్కకు తీసుకురండి. చివరి రెండు మూడు వారాలలో, ఈనిన తరువాత పెట్టబోయే దాణానే కొద్దికొద్దిగా అలవాటు చేయండి. ఆ వారాలలో డాక్టరు చెప్పనిదే కాల్షియం సీసాలు తాగించకండి, లూసర్న్ వంటి పప్పుజాతి మేత ఎక్కువ వేయకండి. ముందుగా కాల్షియం ఎక్కువైతే ఈనిన నాడు పాలజ్వరం రావడానికి దారి తీస్తుంది. ఇటువంటి పశువు ఈనగానే పాల కేంద్రానికి తెలియజేయండి. మొదటి మూడు వారాలు రోజూ అది దాణా తిన్నదో లేదో చూడండి. దాణా వదిలి గడ్డి మాత్రమే కొరికిందంటే, రేపు చూద్దామనకుండా ఆ రోజే డాక్టరును పిలవండి. నేను ఆ రెండు రోజుల ముందు వెళ్లి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను కాని, వెళ్లవలసింది.

లెక్కలోకి రాని మేత

సభ్యులను అడిగితే 'రెండు కిలోలే పెడుతున్నామండి' అంటారు. నిజమే చెబుతారు. కాని కుడితి తొట్టిలో పోయేది ఆ లెక్కలో ఉండదు. గంజి, మిగిలిన అన్నం, నూకల జావ, ఉడికించిన ఉలవలు, పండుగనాటి పిండివంటల మిగులు అన్నీ ఒంటికి పట్టేవే. అన్నం ఎక్కువైతే కడుపు పులిసి ప్రాణం మీదికి కూడా వస్తుంది. కొలిచే పాత్ర కూడా చూడాలి. ఒకే డబ్బాతో తవుడు కొలిస్తే ఒక బరువు, చెక్క కొలిస్తే మరొక బరువు. మీ డబ్బాను ఒక్కసారి పాల కేంద్రంలో తూకం వేయించి, దేనితో నింపితే ఎన్ని కిలోలో గీత గీసి పెట్టుకోండి.

చలికి గోనెపట్టా, మేత కాదు

చలికి ఎక్కువ దాణా కావాలనే మాట చలి దేశాలలో చెల్లుతుంది. మన కోస్తాలో ఎదిగిన పశువుకు చలికాలం హాయిగానే ఉంటుంది. ఆదిలాబాదు వంటి చోట్ల కొన్ని రాత్రులు పది డిగ్రీల లోపుకు పోతుంది. అక్కడ జాగ్రత్త అవసరమే. కాని ఆ జాగ్రత్త దాణాలో లేదు. గడ్డి పొట్టలో పులిసేటప్పుడే వేడి పుడుతుంది, కనుక రాత్రి పూట గడ్డి వేయండి. పాకకు గాలి వచ్చే వైపు తడిక కట్టండి. కింద పొడి గడ్డి పరవండి. గేదెకు వెంట్రుకలు తక్కువ కనుక వీపు మీద గోనెపట్టా కప్పండి. తెల్లవారుజామున తొట్టిలోని చల్లని నీరు కాక, అప్పుడే తోడిన బావి నీరో బోరు నీరో పెట్టండి, అది గోరువెచ్చగా ఉంటుంది. చెరువుకు మధ్యాహ్నం తోలండి. రోజూ పొద్దెక్కిన తరువాత గంట రెండు గంటలు విప్పి ఎండలో నడిపించండి. ఒళ్లు దిగడానికి, తేలికగా ఈనడానికి నడక సహాయం చేస్తుంది. దూడల సంగతి వేరు. వాటికి చలి నిజంగా శత్రువే. వాటి పాలు, మేత తగ్గించకండి.

సంఘం చేయవలసినది

2019లో ముగిసిన జాతీయ డెయిరీ ప్రణాళిక మొదటి దశలో, ఊళ్లో మనిషికే శిక్షణ ఇచ్చి, పశువును టేపుతో కొలిపించి, ఆ ఇంటిలో దొరికే మేతతోనే సమతుల దాణా లెక్క చెప్పించే కార్యక్రమం నడిచింది. పథకం ముగిసినా పద్ధతి మన దగ్గరే ఉంది. అందుకు పెద్ద ఖర్చు లేదు. ప్రతి పాల కేంద్రంలో ఒక టేపు, ఒక నోటు పుస్తకం ఉంచండి. పుస్తకంలో ప్రతి పశువుకు చూలు కట్టించిన తేదీ, వట్టిపోయిన తేదీ, నెలకొకసారి చుట్టుకొలత రాయండి.

కార్యదర్శులకు ఒక మనవి. ఎవరి ఇంట పాలు తగ్గుతున్నాయో ఊళ్లో అందరికన్నా ముందు తెలిసేది మీకే. పాల రిజిస్టరు మీ చేతిలో ఉంటుంది, దాణా అమ్మకం పుస్తకం మీ చేతిలోనే ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. పాలు సగానికి తగ్గి, దాణా సంచులు తగ్గకపోతే ఆ ఇంటికి ఒకసారి వెళ్లండి. దాణా ఇవ్వననకండి. అది సభ్యుని హక్కు. 'ఏ పశువుకు, ఎన్ని కిలోలు పెడుతున్నారు?' అని అడగండి చాలు. దాణా అమ్మకం కొంచెం తగ్గితే సంఘానికి నష్టం కాదు. సభ్యుని పశువు క్షేమంగా ఈని, మళ్లీ పాలకేను నింపితే అదే లాభం.

ఇంకొక మాట. సలహా ఇంటి యజమానికి చెప్పి వచ్చేయకండి. మేత వేసే చేయి ఎవరిదో ఆ చేతికి మాట చేరాలి. చాలా ఇళ్లలో ఆ చేయి ఆడవారిది. చెప్పేటప్పుడు 'బాగా మేపండి' అనవద్దు, 'తగ్గించండి' అనీ అనవద్దు. ఎన్ని కిలోలు, ఎన్ని రోజులలో, చూలు ఎన్నో నెల అన్న మూడు లెక్కలు కాగితం మీద రాసి ఇవ్వండి. చదువు రాకపోతే వారి డబ్బా మీదే గీత గీసి చూపించండి.

ఆ రోజు ఆమె మూడు మైళ్లు నడిచి వచ్చింది ఈ మూడు లెక్కల కోసమే. రాసి ఇవ్వడానికి నాకు రెండు నిమిషాలు పట్టేది. మీ సంఘాలలో ఏ సభ్యురాలూ అటువంటి ప్రశ్నతో వచ్చి వట్టి మాటతో తిరిగి వెళ్లకూడదని కోరుతున్నాను.